సిస్‌ప్లాటిన్ ఎక్కించే ముందు చెవులు చూడండి: విజయవాడ, గుంటూరు క్యాన్సర్ డాక్టర్లకు బహిరంగ లేఖ

విజయవాడ, గుంటూరుల్లో క్యాన్సర్ వైద్యం చేస్తున్న డాక్టర్లందరికీ,

నమస్కారం.

నేను గుంటూరు కొత్తపేటలో ఆడియాలజిస్టుని, అంటే వినికిడి పరీక్షలు చేసేదాన్ని. మీ దగ్గర వైద్యం పూర్తయి, స్కాన్ బాగుందని మీతో అనిపించుకుని సంతోషంగా ఇంటికెళ్ళినవాళ్ళు కొన్ని నెలలకు మా మెట్లెక్కుతుంటారు. పక్కన భార్యో కూతురో ఉంటుంది. బాధ చెప్పుకునేది కూడా ఆవిడే. "కీమో అయిన కాణ్ణుంచి ఈయన వరసే మారిపోయిందండీ. పిలిస్తే పలుకుతాడు, చెప్పింది మాత్రం చెవినేసుకోడు. పోనీ గట్టిగా చెబుదామా, ఎందుకే అరుస్తావు అని నామీదికొస్తాడు." ఆయన వరస మారలేదు. లోపలి చెవి దెబ్బతింది, అదీ వైద్యం వల్ల దెబ్బతింది. ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు, ఎవరూ చెప్పలేదు కాబట్టి.

మీలో కొందరు మొదటి సైకిల్‌కి (కీమో విడతకి) ముందే చెవి పరీక్షకు పంపుతారు. వాళ్ళకు దణ్ణం పెడతాను, వాళ్ళు ఈ ఉత్తరం చదవనక్కర్లేదు. మిగతావాళ్ళని నేను అడిగేది ఇంతే: సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు మొదలుపెట్టే ముందు ఆడియోగ్రామ్ (ఎంత వినబడుతుందో కొలిచే పరీక్ష) తీయించండి. మధ్యలో చూస్తూ ఉండండి. అయిపోయాక వదిలేయకండి. చెవికి ఇలా జరగవచ్చని పేషెంటుకి ముందే చెప్పండి.

మందు ఆపమనడం లేదు. అలా అనడానికి నేనెవర్ని? 1965లో మిచిగన్ స్టేట్ యూనివర్సిటీలో బార్నెట్ రోజెన్‌బర్గ్ బ్యాక్టీరియా మీద కరెంటు ప్రభావాన్ని చూస్తుండగా, ప్లాటినం ఎలక్ట్రోడ్ల నుంచి పుట్టిన పదార్థం కణాలు చీలకుండా ఆపుతోందని బయటపడింది. 1978లో అమెరికాలో అనుమతి వచ్చింది. వృషణాల క్యాన్సర్ నయమయ్యే జబ్బుల్లో చేరిందంటే చాలావరకు ఈ మందు చలవే. నోరు, గొంతు, గర్భాశయ ముఖద్వారం, ఊపిరితిత్తులు, అండాశయం, మూత్రాశయం... మన రెండు ఊళ్ళ వార్డుల్లో ఎంతమంది దీనిమీద ఆధారపడి ఉన్నారో మీకే బాగా తెలుసు. గుట్కా, ఖైనీ ప్యాకెట్లు కిళ్ళీ కొట్లలో దొరుకుతున్నంత కాలం ఆ వరస తగ్గదు కూడా.

నా పేచీ వేరే. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడకుండా మీరెవరూ సిస్‌ప్లాటిన్ ఎక్కించరు. ముందు రక్తపరీక్ష, తర్వాత లీటర్ల కొద్దీ సెలైన్, అందులో మెగ్నీషియం, ఎంత మూత్రం పోశాడో సిస్టర్ కొలిచి చార్టులో రాయడం. కిడ్నీ విషయంలో ఇంత పద్ధతి ఉంది. అదే మందు, అదే సీసాలోంచి, రక్తంతో పాటు చెవిలోకీ వెళుతుంది. కిడ్నీ కొంతైనా కోలుకుంటుంది. చెవి కోలుకోదు. అయినా చెవి గురించి ఫైల్లో ఒక్క కాగితం కూడా ఉండదు. నా దగ్గరికి వచ్చేవాళ్ళ ఫైళ్ళు లావుగా ఉంటాయి: బయాప్సీ, పెట్ స్కాన్, ఎకో, పళ్ళ డాక్టరు ఇచ్చిన చీటీ. ఆడియోగ్రామ్ కోసం మొదటి నుంచి చివరిదాకా తిరగేయడం నాకు అలవాటైపోయింది. చాలాసార్లు దొరకదు.

మీకు తెలిసిన విషయమే అయినా, ఈ ఉత్తరం పేషెంట్ల ఇళ్ళవాళ్ళు కూడా చదువుతారు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. లోపలి చెవిలోని కాక్లియాలో ఒక్కో చెవికి శబ్దాన్ని పట్టే రోమ కణాలు సుమారు 15 వేలుంటాయి. వాటిలో 12 వేల దాకా బయటి వరుసలవి. సిస్‌ప్లాటిన్ ముందు చంపేది వాటినే. చంపడంలో కూడా ఒక క్రమం ఉంది. కాక్లియా మొదట్లో, అంటే సన్నటి కీచు శబ్దాలను పట్టుకునే చోట మొదలై, డోసు పెరిగేకొద్దీ లోపలికి జరుగుతుంది. మామూలు పరీక్షలో 8000 హెర్ట్జ్ (ఈ అంకె పెరిగేకొద్దీ శబ్దం కీచుగా ఉంటుంది) ముందు పోతుంది, తర్వాత 4000, ఆ తర్వాత 2000. ఈ నష్టం దాదాపు ఎప్పుడూ రెండు చెవుల్లోనూ ఉంటుంది. కోళ్ళలో, ఇతర పక్షుల్లో చచ్చిన రోమ కణాల చోట కొత్తవి పుడతాయి. మనుషుల్లో పుట్టవు. 2017లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు ఇంకో సంగతి చూపించారు: మిగతా శరీరంలోంచి చాలావరకు వెళ్ళిపోయాక కూడా సిస్‌ప్లాటిన్ కాక్లియాలో నెలలూ, సంవత్సరాలూ తిష్ఠ వేసుకుని ఉంటోంది. ఆఖరి సైకిల్ అయిపోయాక కూడా కొందరికి వినికిడి ఇంకా ఎందుకు దిగుతుందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఇది మీ ఓపీలో ఎందుకు దొరకదో కూడా చెబుతాను. తెలుగులో అచ్చులు బలంగా, బొంగురుగా ఉంటాయి. అవి తక్కువ ఫ్రీక్వెన్సీల్లోవి. వాటిని పట్టే భాగం ఈ పేషెంట్లకు బాగానే ఉంటుంది. స, శ, ష, చ, త, క లాంటి హల్లుల్లో అసలు గుర్తుపట్టే ముక్క పై ఫ్రీక్వెన్సీల్లో ఉంటుంది, పైగా అది చాలా మెత్తగా పలుకుతుంది. అది పోతుంది. ఏసీ గదిలో, బల్లకు అటువైపు కూర్చుని, పెదాలు కనిపించేలా "అన్నం తింటున్నావా, మింగుతుంటే నొప్పిగా ఉందా" అని మీరు అడిగితే ఆయన టకటకా జవాబు చెబుతాడు. రోజూ అడిగే ప్రశ్నలే కదా, సగం ఊహించి చెబుతాడు. అదే మనిషిని బెజవాడ బస్టాండులో నిలబెట్టండి. అనౌన్స్‌మెంట్ వినబడుతుంది, ఏ ఊరి బస్సో తెలియదు. ఇంట్లో మిక్సీ తిరుగుతుంటే మనవరాలు ఏమందో తెలియదు. మాస్కు పెట్టుకున్న సిస్టర్ ఏం చెప్పిందో అసలే తెలియదు. "మీకు బాగానే వినిపిస్తోందా?" అని అడిగి ఊరుకుంటే ఈ నష్టం బయటపడదు. అడిగిన ప్రశ్న వినబడుతుంది కాబట్టి ఆయన "బాగానే ఉందండీ" అంటాడు.

ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే ఒకాయన సంగతి రాస్తాను. నాలుక క్యాన్సర్. ఒక ఆసుపత్రిలో కరెంటు (రేడియేషన్) పెట్టారు, దాంతో పాటు మూడు వారాలకోసారి సిస్‌ప్లాటిన్ ఇచ్చారు. జబ్బు పోయింది. బూత్‌లో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్ పెట్టి, శబ్దం వినబడగానే బటన్ నొక్కమన్నాను. 250, 500, 1000 దగ్గర వెంటవెంటనే నొక్కాడు. 2000 దగ్గర నేను డయల్ పెంచాల్సి వచ్చింది. 4000లో నేను పెంచుతూ పోతున్నాను, ఆయన బొటనవేలు బటన్ మీద ఆనించి అద్దంలోంచి నావైపు చూస్తున్నాడు, పరీక్ష ఎందుకు ఆపేశారన్నట్టు. 8000లో మిషన్ ఇవ్వగలిగినంతా ఇచ్చాను, కదల్లేదు. తర్వాత మాటల పరీక్ష. నేను "చాప" అంటే ఆయన "పాప" అన్నాడు. "సాకు" అంటే "ఆకు". "సంత" అంటే "అంత". "సౌండు వస్తంది మేడమ్, మాటే రావట్లా" అన్నాడు. నేను ఇంత చదివి రాసే రిపోర్టులో ఇంతకంటే బాగా చెప్పలేను.

ఆయన నన్ను అడిగింది ఒక్కటే: "ఇది మందు వల్ల వచ్చిందా, ముందునుంచీ ఉన్నదా?" రేకుల మీద సుత్తి దెబ్బల మధ్య అన్నేళ్ళు పనిచేసినవాడికి చెవి కొంత పోయే ఉంటుంది. మోత వల్ల పోయిన చెవికి మామూలుగా 4000 దగ్గర గుంట పడి, 8000కి కాస్త పైకి లేస్తుంది. ఈయనది దిగుతూనే పోయింది, కాబట్టి నా అనుమానం మందు మీదే. కానీ వయసు కూడా ఉంది. అనుమానం తీర్చే కాగితం వైద్యానికి ముందు తీసిన ఆడియోగ్రామ్ ఒక్కటే. ఆటోనగర్ మెకానిక్కులు, స్పిన్నింగ్ మిల్లుల్లో చేసినవాళ్ళు, షుగరు ఉన్నవాళ్ళు, అరవై దాటినవాళ్ళు, వీళ్ళే కదా మన పేషెంట్లు. వాళ్ళలో ఎవరి చెవి ఎక్కడ మొదలైందో తెలియకుండా ఎంత పోయిందో లెక్క ఎలా కడతాం? 1994 నుంచి వాడుకలో ఉన్న అమెరికన్ ప్రమాణం కూడా మొదటి పరీక్షతో పోల్చే చెబుతుంది: ఏదైనా ఒక ఫ్రీక్వెన్సీలో 20 డెసిబెల్స్, లేదా పక్కపక్కనే ఉన్న రెండింటిలో 10 డెసిబెల్స్ చొప్పున దిగితే చెవికి దెబ్బ తగిలినట్టు లెక్క. పోల్చడానికి మొదటిది ఉండాలి కదా.

ఇక సదరం (వైకల్య సర్టిఫికెట్) సంగతి. ఆయన కూతురు సర్టిఫికెట్ వస్తుందా అని అడిగింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ, మాటలకు సంబంధించిన ఫ్రీక్వెన్సీల్లో కనీసం 60 డెసిబెల్స్ నష్టం ఉంటేనే వినికిడి లోపం కింద లెక్క. సిస్‌ప్లాటిన్ చెవి ఇలా ఉంటుందనుకోండి: 500 దగ్గర 20, 1000 దగ్గర 25, 2000 దగ్గర 45, 4000 దగ్గర 75. నాలుగూ కలిపి సగటు 41. మాట అర్థం కాక ఉద్యోగం మానేసుకునే స్థితి, కాగితం మీద మాత్రం అర్హత లేదు. సర్టిఫికెట్ లేకపోతే ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే చెవి మిషన్ లేదు, పింఛను లేదు. చట్టాన్ని మీరు మార్చలేరని తెలుసు. వెనక తలుపు కూడా మూసే ఉంది కాబట్టి ముందే జాగ్రత్తపడాలని చెప్పడానికి ఇది రాశాను.

పిల్లల దగ్గరికి వచ్చేసరికి నాకు ఓపిక నశిస్తుంది, క్షమించండి. కాలేయంలో గడ్డ వచ్చే హెపటోబ్లాస్టోమా, మెదడులో వచ్చే మెడుల్లోబ్లాస్టోమా, ఎముక క్యాన్సర్, న్యూరోబ్లాస్టోమా, వీటన్నిటికీ సిస్‌ప్లాటిన్ ఇస్తారు. ఐదేళ్ళలోపు పిల్లల చెవులు పెద్దవాళ్ళ చెవులకంటే తొందరగా పాడవుతాయి. పెద్దాయనకు భాష ముందే వచ్చు కాబట్టి సగం వినబడినా మిగతాది అతికించుకుంటాడు. మూడేళ్ళ పిల్లాడు ఏది వింటే అదే నేర్చుకుంటాడు. వాడికి "స" వినబడకపోతే వాడి నోట "స" రాదు. సత్తెనపల్లి వైపు నుంచి ఒక తల్లి బాబుని తీసుకొచ్చింది. కాలేయానికి ఆపరేషన్ అయింది, కీమో అయింది, పిల్లాడు బొద్దుగా, హుషారుగా ఉన్నాడు. "బతికాడు, అదే పదివేలనుకున్నామండీ. ఇప్పుడు అంగన్‌వాడీలో మొద్దు అంటన్నారు" అంది. నిద్రమందు ఇచ్చి బేరా (శబ్దానికి చెవి నరం, మెదడు స్పందిస్తున్నాయో లేదో చూసే పరీక్ష) తీశాం. పిల్లాడు మొద్దు కాదు. ముందు బెంచీ, రెండు చెవులకూ మిషన్లు, వారం వారం స్పీచ్ థెరపీ కావాలి. రెండేళ్ళ ముందే మొదలుపెట్టాల్సింది.

చంటిపిల్లలు బటన్ నొక్కరుగా అని ఎవరో ఒకసారి అన్నారు. నొక్కక్కర్లేదు. ఓఏఈ అనే పరీక్షలో చెవిలో చిన్న ప్రోబ్ పెడితే బయటి రోమ కణాలు పనిచేస్తున్నాయో లేదో నిమిషాల్లో తెలుస్తుంది, పిల్లాడు నిద్రపోతున్నా సరే. సిస్‌ప్లాటిన్ చంపేది ఆ కణాలనే కాబట్టి ఇంతకంటే అతికే పరీక్ష లేదు. జలుబు చేసి మధ్య చెవిలో నీరు చేరితే ఫలితం తప్పుగా వస్తుంది, అది చూసుకుంటే చాలు.

చెవిని దెబ్బతీసేది సిస్‌ప్లాటిన్ ఒక్కటే కూడా కాదు. తెల్ల రక్తకణాల కౌంట్స్ పడిపోయి జ్వరం వచ్చినప్పుడు మీ ఐసీయూలో అమికాసిన్ అనే యాంటీబయాటిక్ మొదలవుతుంది. మూత్రం తగ్గిందని ఫ్యూరోసెమైడ్ ఇస్తారు. రెండూ చెవికి పడనివే, సిస్‌ప్లాటిన్‌తో కలిస్తే నష్టం పెరుగుతుంది. ప్రాణం మీదికొచ్చినప్పుడు చెవి చూసుకోమని ఎవరూ అనరు. వేరే యాంటీబయాటిక్ అంతే బాగా పనిచేసే చోట కూడా అలవాటు కొద్దీ అమికాసిన్ రాసేస్తే మాత్రం అది వేరే సంగతి. అమికాసిన్ జాతి మందులతో (అమినోగ్లైకోసైడ్లు) వినికిడే కాదు, తూలుడు కూడా వస్తుంది. రాత్రి చీకట్లో బాత్‌రూమ్‌కి లేచి పడిపోయిన పేషెంటుని "కీమో నీరసం" అని పంపేయకండి. చెవిలో కీచురాళ్ళ రొదని చెప్పేవాళ్ళని కూడా అంతే. ఆ రొద చాలాసార్లు వినికిడి దిగడానికి ముందే మొదలవుతుంది. దానికి విటమిన్ బిళ్ళలు రాయడం చూస్తున్నాను.

రేడియేషన్ డాక్టర్లకు ఒక ముక్క. ముక్కు వెనక భాగం, చెవి కింద పరోటిడ్ గ్రంథి లాంటి చోట్ల ప్లాన్ వేసేటప్పుడు కాక్లియాని కూడా గీయండి. సగటు డోసు 45 గ్రే (రేడియేషన్ కొలత) దాటకూడదన్నది మీ పుస్తకాల్లో ఉన్నదే, సిస్‌ప్లాటిన్ కూడా ఇస్తుంటే ఇంకా తగ్గించాలి. ఈ నష్టం నెలలు, ఏళ్ళు గడిచాక బయటపడుతుంది. మరో రకం కూడా ఉంది: రేడియేషన్ వల్ల చెవినీ గొంతునీ కలిపే గొట్టం మూసుకుపోయి మధ్య చెవిలో నీరు చేరడం. అది ఈఎన్‌టీ డాక్టరు చేతిలో బాగయ్యే నష్టం. బాగయ్యేదాన్నీ కానిదాన్నీ విడదీయడానికి కూడా పరీక్షే దిక్కు.

"తెలుసుకుని మాత్రం ఏం చేస్తాం, మందు ఎలాగూ ఇవ్వాల్సిందే కదా" అని మీలో ఒకరు నాతో అన్నారు. చేయగలిగింది చాలా ఉంది. మొత్తం డోసు శరీర వైశాల్యంలో చదరపు మీటరుకు 200 మిల్లీగ్రాములు దాటేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది. ఒకేసారి 100 చొప్పున ఇచ్చే పద్ధతిలో చెవికి దెబ్బ ఎక్కువ, వారం వారం కొద్దికొద్దిగా ఇస్తే తక్కువ. అదే జాతి మందు కార్బోప్లాటిన్ చెవికి చాలా నయం. ఏ జబ్బులో దాన్ని మార్చవచ్చో, వృషణాల క్యాన్సర్ లాంటి ఏ జబ్బులో మార్చకూడదో తేల్చేది మీరే. నా ఆడియోగ్రామ్ మీ చేతిలో ఉంటే ఆ ఆలోచన రెండో సైకిల్ దగ్గరే మొదలవుతుంది. ఒకవేళ ఏదీ మార్చలేకపోయినా ఇంట్లోవాళ్ళకు తెలుస్తుంది, మిషన్ తొందరగా పెట్టించుకుంటారు, మనిషిని చెవిటోడనో మొండోడనో అనడం మానేస్తారు. మెత్తటి మాట వినబడక, గట్టి మాట ఒక్కసారిగా మోతగా తగలడం ఈ రోమ కణాలు పోయినవాళ్ళకు మామూలే. "ఎందుకే అరుస్తావు" అన్నది అదే.

పిల్లలకైతే ఒక మందు కూడా ఉంది. సిస్‌ప్లాటిన్ ఇచ్చిన 6 గంటల తర్వాత సోడియం థయోసల్ఫేట్ ఎక్కిస్తే హెపటోబ్లాస్టోమా పిల్లల్లో వినికిడి నష్టం 63 శాతం నుంచి 33 శాతానికి తగ్గిందని 2018లో ఒక అంతర్జాతీయ ట్రయల్ చూపించింది. బతికినవాళ్ళ సంఖ్య తగ్గలేదు. 2022 సెప్టెంబరులో అమెరికా దీన్ని నెల దాటిన పిల్లలకు ఆమోదించింది, జబ్బు ఇతర చోట్లకు పాకనివాళ్ళకు మాత్రమే. పాకినవాళ్ళలో కీమో పని చెడుతుందేమోనన్న భయం ఉంది. ఈ సంగతి పిల్లల తల్లిదండ్రుల దగ్గర ఎత్తితే, "ఇలాంటిది ఒకటుందని మాకెవరూ చెప్పలేదే" అంటున్నారు. కుదురుతుందో కుదరదో మీరు చెప్పండి, కానీ చెప్పండి.

ఇదంతా నా క్లినిక్ గిరాకీ కోసమని అనుకునేవాళ్ళూ ఉంటారు. నా దగ్గరికి పంపనక్కర్లేదు. మెడికల్ కాలేజీ ఆసుపత్రుల ఈఎన్‌టీ విభాగాల్లో ఆడియోమీటర్ ఉంటుంది, పెద్ద ప్రైవేటు ఆసుపత్రుల్లో కింద అంతస్తులోనే ఉంటుంది. అరగంట పని. ఖర్చు ఒక్క పెట్ స్కాన్ ముందు ఏ మూలకూ రాదు. యాజమాన్యాలు తలుచుకుంటే కీమో చార్టులో క్రియాటినిన్ గడి పక్కన ఇంకో గడి అచ్చు వేయించడం ఒక పూట పని. మొదటి డోసుకు ముందు ఒకటి, ఆ తర్వాత ప్రతి సైకిల్‌కి ముందు ఒకటి (వారం వారం ఇచ్చేవాళ్ళకు మధ్యలో ఒకసారైనా), అయిపోయాక మూడు నెలలకు, ఆరు నెలలకు, ఏడాదికి. పిల్లలకు మాత్రం ఏళ్ళ తరబడి. పైకి 16 వేల హెర్ట్జ్ దాకా చూసే మిషన్ ఉన్నచోట దాంతోనే చూడండి, మాటలను తాకకముందే అక్కడ దొరుకుతుంది.

ఎవరి దగ్గరికి పంపినా చీటీ మీద "చెవి పరీక్ష" అని మాత్రం రాసి ఊరుకోకండి. మందు పేరు, ఇప్పటిదాకా ఇచ్చిన మొత్తం డోసు, ఎన్నో సైకిల్, రేడియేషన్ ఉంటే ఏ వైపు, మధ్యలో అమికాసిన్ లాంటివి పడ్డాయా, క్రియాటినిన్ ఎంత, ఇవి రాయండి. కీమో రేపు పొద్దున అయితే ఆ మాట కూడా రాయండి. మా దగ్గర సాయంత్రం ఏడింటి దాకా మనిషి ఉంటారు. అలాంటివాళ్ళని వరసలో కూర్చోబెట్టం, రిపోర్టు ఆ రాత్రికే మీ వాట్సాప్‌కి వస్తుంది.

ఇట్లు,
ఒక ఆడియాలజిస్టు,
కొత్తపేట, గుంటూరు